పక్షి వీక్షక సంఘాల ప్రచురణల డిజిటలీకరణ

పక్షి వీక్షణను అభిరుచిగా చేపట్టినవారు సంఘాలుగా ఏర్పడి, తమ సభ్యుల కోసం వార్తాలేఖలు, పక్షుల జాబితాలు, గణన నివేదికలు ముద్రించుకుంటారు. ఈ ముద్రిత ప్రతులను స్కాన్ చేసి, వెతకడానికి వీలైన పాఠ్యంగా మార్చి, సూచికను జోడించి, అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచడాన్ని పక్షి వీక్షక సంఘాల ప్రచురణల డిజిటలీకరణ అంటారు. ఇవి తక్కువ సంఖ్యలో అచ్చయ్యే ప్రచురణలు కాబట్టి గ్రంథాలయాలలో అరుదుగా కనిపిస్తాయి. అయితే ఒక ప్రాంతంలో ఒకప్పుడు ఏ పక్షులు ఉండేవో తెలిపే ఆధారం చాలా సందర్భాలలో ఇవి మాత్రమే. గోదావరి డెల్టా, అందులో భాగమైన కోనసీమ వంటి వేగంగా మారుతున్న ప్రాంతాల విషయంలో ఈ పనికి ప్రత్యేక ప్రాధాన్యత ఉంది.

నేపథ్యం

పక్షి వీక్షకుడు చూసిన విషయం చిన్నదిగానే ఉంటుంది. ఫలానా తేదీన, ఫలానా చెరువు వద్ద, ఫలానా జాతి పక్షులు ఇన్ని కనిపించాయని అతడు నమోదు చేస్తాడు. శాస్త్ర పరిశోధన పత్రికలు ఇటువంటి చిన్న విషయాలను విడిగా ప్రచురించవు. అవి సంఘం వార్తాలేఖలో రెండు మూడు వాక్యాలుగా అచ్చవుతాయి. అటువంటి నమోదులు ముప్పై నలభై సంవత్సరాల పాటు కూడితే, ఆ ప్రాంతపు పక్షుల చరిత్రగా మారతాయి.

1954 నాటి చట్టం ప్రకారం భారతదేశంలో ప్రచురించిన ప్రతి పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ అందజేయాలి. 1956లో వార్తాపత్రికలను కూడా ఈ చట్టం పరిధిలోకి చేర్చారు. అయితే వెల లేకుండా, సభ్యులకు మాత్రమే తపాలాలో పంపే పత్రాలు ఆ గ్రంథాలయాలకు చేరకపోవడం సహజం. అందువలన వాటి ప్రతులు పాత సభ్యుల ఇళ్ళలోనే మిగులుతాయి. ఆ సభ్యుడు మరణించినప్పుడు గానీ, ఇల్లు మారినప్పుడు గానీ అవి పాత కాగితాల అంగడికి చేరుతాయి.

భారతదేశంలో పక్షి వీక్షకుల ప్రచురణలు

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం 1883లో ఏర్పడింది. దాని జర్నల్ 1886లో ప్రారంభమైంది. భారత ఉపఖండపు పక్షుల గురించిన సమాచారానికి ఈ జర్నల్ అతి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. సలీం అలీ 1931-32లో హైదరాబాదు సంస్థానంలో జరిపిన పక్షుల సర్వే ఫలితాలు ఇందులోనే వెలువడ్డాయి. దీని పాత సంపుటాలు ప్రస్తుతం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే అంతర్జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా లభిస్తున్నాయి.

అభిరుచి కోసం పక్షులను చూసేవారికి ప్రత్యేకంగా ఒక పత్రిక ఉండాలనే ఉద్దేశంతో జఫర్ ఫుతేహల్లీ 1960లో "న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్"ను ప్రారంభించాడు. మొదట్లో ఇది సైక్లోస్టైల్ చేసిన కాగితాల రూపంలో వెలువడింది. వృత్తి శాస్త్రవేత్తలు కాని ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు కూడా ఇందులో తమ పరిశీలనలను వ్రాశారు. దీని పాత సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదవడానికి లభిస్తున్నాయి.

తెలుగు ప్రాంతంలో 1980లో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. "మయూర" అనే పత్రిక, "పిట్ట" అనే వార్తాలేఖ ఈ సంఘం ప్రచురణలు. రాష్ట్ర విభజన తరువాత ఈ సంఘం డెక్కన్ బర్డర్స్ అనే పేరుతో కొనసాగుతున్నది. వార్తాలేఖ పేరులో ఒక విశేషం ఉంది. తెలుగువారు ఏ చిన్న పక్షినైనా పిట్ట అంటారు. ఈ మాటనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వియో 1816లో ఒక పక్షి ప్రజాతికి శాస్త్రీయ నామంగా స్వీకరించాడు. అందువలన ప్రపంచంలోని పక్షి శాస్త్ర గ్రంథాలన్నింటిలోనూ ఈ తెలుగు మాట కనిపిస్తుంది.

1989లో సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను స్వయంగా ప్రచురించారు. ఆశీష్ పిట్టీ 2004లో హైదరాబాదు నుండి "న్యూస్‌లెటర్ ఫర్ ఆర్నిథాలజిస్ట్స్"ను ప్రారంభించాడు. ఇది 2005 నుండి "ఇండియన్ బర్డ్స్" అనే పేరుతో వెలువడుతున్నది. దీని సంచికలను అంతర్జాలంలో ఉచితంగా చదవవచ్చు. దక్షిణాసియా పక్షులపై వచ్చిన రచనల పట్టికను కూడా ఆయన అంతర్జాలంలో ఉంచాడు. ఏ విషయం ఏ పత్రికలో, ఏ సంపుటిలో, ఏ పేజీలో ఉందో ఈ పట్టిక ద్వారా తెలుసుకోవచ్చు.

కోనసీమ, గోదావరి డెల్టాలో ప్రాధాన్యత

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య విస్తరించిన కోనసీమలో వరిచేలు, కొబ్బరితోటలు, కాలువలు, ఉప్పుటేరులు, మడ అడవులు ఉన్నాయి. గౌతమి పాయ ముఖద్వారం వద్ద 1978లో కోరంగి వన్యప్రాణి అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మధ్య ఆసియా వలస మార్గంలో ప్రయాణించే నీటిపక్షులు చలికాలంలో ఈ తీరానికి వస్తాయి.

ఈ ప్రాంతం నాలుగు దశాబ్దాలలో అనేక మార్పులకు లోనయింది. 1986 ఆగస్టులో గోదావరికి భారీ వరద వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద సహజవాయు బావిలో విస్ఫోటం సంభవించి, మంటలు రెండు నెలలకు పైగా కొనసాగాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. 1990లలో తీర మండలాలలో రొయ్యల చెరువులు విస్తరించాయి.

ఈ మార్పుల వలన పక్షులకు ఏ మేరకు నష్టం కలిగిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే, మార్పుకు ముందు అక్కడ ఏమి ఉండేదో తెలియాలి. దానిని ఇప్పుడు వెళ్ళి చూడడం సాధ్యం కాదు. ఆనాడు చూసినవారు వ్రాసి ఉంటేనే, ఆ వ్రాత దొరికితేనే తెలుస్తుంది.

పొరుగున ఉన్న కొల్లేరు ఇందుకు మంచి ఉదాహరణ. 1946లో కొల్లేరు పరిసరాలలో గూడబాతుల పెద్ద సంతాన స్థావరం ఒకటి బయటపడింది. కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్ దానిని వర్ణిస్తూ 1949లో బొంబాయి సంఘం జర్నల్‌లో వ్యాసం ప్రచురించాడు. 1975 ప్రాంతానికి ఆ స్థావరం కనుమరుగైంది. అక్కడ ఒకప్పుడు అంత పెద్ద స్థావరం ఉండేదని నేటి విద్యార్థి తెలుసుకోగలుగుతున్నాడంటే, అప్పట్లో ఒక వ్యాసం అచ్చు కావడమూ, ఆ అచ్చు ప్రతి నిలిచి ఉండడమూ, ఇప్పుడది డిజిటల్ రూపంలో దొరకడమూ ఇందుకు కారణాలు.

విధానం

సేకరణ

మొదటి పని సంచికల పట్టిక తయారు చేయడం. సంఘం మొదలైననాటి నుండి ఏ సంవత్సరంలో ఎన్ని సంచికలు వెలువడ్డాయో వ్రాసుకొని, వాటిలో ఏవి దొరికాయో, ఏవి దొరకలేదో గుర్తు పెట్టుకోవాలి. వార్తాలేఖలలో కొన్నిసార్లు సంచిక సంఖ్య తప్పుగా పడుతుంది, కొన్నిసార్లు రెండు నెలలకు కలిపి ఒకే సంచిక వస్తుంది. పట్టిక లేకపోతే రాని సంచికకోసం వెతకడం, వచ్చిన సంచికను మరచిపోవడం రెండూ జరుగుతాయి. దొరకని సంచికల జాబితాను బహిరంగంగా ఉంచితే పాత సభ్యుల కుటుంబాల నుండి అవి లభించే అవకాశం ఉంటుంది.

స్కానింగు

సైక్లోస్టైల్ పద్ధతిలో మైనపు పూత గల స్టెన్సిల్ కాగితంపై టైపు చేసి, దాని రంధ్రాల గుండా సిరాను పంపి ప్రతులు తీస్తారు. ఇందులో అక్షరాలు ఒకచోట చిక్కగా, మరొకచోట పలచగా పడతాయి. కాగితం కూడా నాసిరకానిది. తీర ప్రాంతపు తేమకు పిన్నులు తుప్పు పట్టి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందువలన ముందుగా పిన్నులను జాగ్రత్తగా తొలగించి, కాగితాలను నీడలో ఆరనిచ్చి, ఆ తరువాతే స్కాన్ చేయాలి. పాడైన కాగితాలను తమంతట తాము లాక్కునే యంత్రాలలో పెట్టరాదు. బల్లపరుపు స్కానరు వాడాలి.

సాధారణంగా అంగుళానికి 300 చుక్కల సాంద్రత సరిపోతుంది. అక్షరాలు మరీ చిన్నవైతే 400 గానీ 600 గానీ ఎంచుకుంటారు. పలచబడిన అక్షరాలను శుద్ధ నలుపు తెలుపులలో స్కాన్ చేస్తే అవి మాయమవుతాయి కాబట్టి బూడిద ఛాయలలో స్కాన్ చేయడం మంచిది. ఏ4 పేజీని 300 చుక్కల సాంద్రతతో బూడిద ఛాయలలో స్కాన్ చేస్తే, కుదించని ఫైలు దాదాపు 8.7 మెగాబైట్లు ఉంటుంది. రంగులలోనైతే దాదాపు 26 మెగాబైట్లు. నెలకు 8 పేజీల చొప్పున 20 సంవత్సరాలు వెలువడిన వార్తాలేఖకు 1,920 పేజీలవుతాయి. బూడిద ఛాయలలో దాని మొత్తం 17 గిగాబైట్లకు మించదు. అంటే సంఘం చరిత్ర అంతా చిన్న పెన్ డ్రైవులో ఇమిడిపోతుంది. స్థలం కొరత నేడు సమస్య కాదు.

కుదించని మూలప్రతిని విడిగా భద్రపరచి, చదువరుల కోసం దాని నుండి పీడీఎఫ్ గానీ డెజావూ గానీ తయారు చేస్తారు. ప్రకటనలు, ఖాళీ పేజీలు, చేతివ్రాత దిద్దుబాట్లు కూడా వదలకుండా స్కాన్ చేయాలి. ఒక సభ్యుడు పేజీ అంచున వ్రాసుకున్న సవరణ అసలు వార్తకన్నా విలువైనది కావచ్చు.

పాఠ్యంగా మార్చడం

స్కాన్ చేసిన పేజీ కంప్యూటరుకు ఒక బొమ్మ మాత్రమే. అందులోని మాటలను వెతకాలంటే వాటిని పాఠ్యంగా మార్చాలి. ఈ పనిచేసే సాఫ్టువేరును ఓసీఆర్ అంటారు. 2005లో బహిరంగ మూలంగా విడుదలైన టెస్సరాక్ట్ ప్రస్తుతం తెలుగును కూడా గుర్తించగలదు. తెలుగు వికీసోర్స్‌లో గూగుల్ ఓసీఆర్‌ను విస్తృతంగా వాడుతున్నారు. అయినా వత్తులు, గుణింతాలు ఉన్నచోట, ప-ష, ధ-థ వంటి దగ్గరి పోలికలున్న అక్షరాల వద్ద పొరపాట్లు వస్తాయి. తేదీలు, సంఖ్యలు తప్పుగా మారితే పక్షుల నమోదు మొత్తం చెడిపోతుంది. 12 కొంగలు 72 అయితే చదువరికి అనుమానం కూడా రాదు. కాబట్టి సంఖ్యలను మనిషి సరిచూడడం తప్పనిసరి.

కంప్యూటరుపై కూర్చిన తెలుగు సంచికలతో మరొక చిక్కు ఉంది. తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించినా, అచ్చు పనులలో చాలాకాలం అను, శ్రీలిపి వంటి ఫాంట్లనే వాడారు. ఆ ఫైళ్ళను వాటి ఫాంటు లేకుండా తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ వంటి మార్పిడి ఉపకరణాలు ఇటువంటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి తోడ్పడ్డాయి. మూల ఫైలు దొరికితే ఈ మార్పిడి ఓసీఆర్ కన్నా శ్రేష్ఠమైనది.

సూచిక

పాఠ్యం ఉన్నంతమాత్రాన వెతికినది దొరుకుతుందని చెప్పలేము. పేర్లు కాలంతో మారుతాయి. పాత సంచికలలో గూడబాతును గ్రే పెలికన్ అని వ్రాసేవారు. ఇప్పుడు అదే పక్షిని స్పాట్ బిల్డ్ పెలికన్ అంటున్నారు. కొత్త పేరుతో వెతికితే పాత నమోదు దొరకదు. కాబట్టి సూచికలో ప్రతి జాతికీ పాత పేరు, కొత్త పేరు, శాస్త్రీయ నామం, తెలుగు పేరు నాలుగూ ఉండాలి.

ఊర్ల పేర్లదీ అదే పరిస్థితి. కాకినాడను పాత ఆంగ్ల రచనలలో కోకనాడ అని వ్రాశారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నమోదులు పాత సంచికలలో తూర్పు గోదావరి జిల్లా కింద ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లా పేరుతో వెతికేవారికి పాత నమోదులు దొరకాలంటే సూచికలో రెండు జిల్లాల పేర్లూ ఇవ్వాలి.

ఈ ప్రచురణలలో అధిక భాగం ఆంగ్లంలో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివే కోనసీమ విద్యార్థికి అవి అంతర్జాలంలో ఉన్నా లేనట్లే. అన్నింటినీ అనువదించడం పెద్ద పని. అయితే పాలపిట్ట, లకుముకి పిట్ట, గిజిగాడు, నీటికాకి, గూడబాతు వంటి తెలుగు పేర్లతో సూచికనూ, ప్రతి సంచికకు నాలుగైదు వాక్యాల తెలుగు సారాంశాన్నీ చేర్చడం కొద్దిమంది సభ్యులు చేయగలిగిన పనే.

కాపీహక్కులు

డిజిటలీకరణలో సాంకేతిక సమస్యలకన్నా అనుమతులే ఎక్కువ కాలం తీసుకుంటాయి. సంఘం అచ్చు వేసింది కాబట్టి హక్కులన్నీ సంఘానివే అనుకోవడం పొరపాటు. వ్రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు వ్యాసంపై హక్కు దాని రచయితదే.

1957 నాటి భారత కాపీహక్కు చట్టం ప్రకారం రచయిత పేరుతో వెలువడిన రచనకు, అతడు మరణించిన సంవత్సరం ముగిసిన తరువాత 60 సంవత్సరాల పాటు రక్షణ ఉంటుంది. రచయిత ఎవరో తెలియని రచనకు, అది ప్రచురితమైన సంవత్సరం ముగిసిన తరువాత 60 సంవత్సరాలు రక్షణ ఉంటుంది. ఉదాహరణకు 1960లో పేరు లేకుండా అచ్చయిన వార్త 2021 జనవరి 1 నుండి సార్వజనికమైంది. అదే సంవత్సరం జఫర్ ఫుతేహల్లీ పేరుతో వెలువడిన వ్యాసానికైతే, ఆయన 2013లో మరణించాడు కాబట్టి, 2073 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఒకే సంచికలో పక్కపక్కనే ఉన్న రెండు రచనలకు హక్కుల గడువులో ఇంత తేడా ఉండవచ్చు.

అందువలన సంఘం ముందుగా సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, రచయితలను గానీ వారి వారసులను గానీ సంప్రదించి, వ్రాతపూర్వక అనుమతి తీసుకోవడం మంచిది. 2002 నుండి వాడుకలో ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఇందుకు అనువుగా ఉంటాయి. వాణిజ్య వాడుకను నిషేధించే లైసెన్సు ఎంచుకుంటే ఆ పాఠ్యాన్ని వికీసోర్స్‌లో చేర్చడానికి వీలుకాదు. ఇకముందు వచ్చే రచనలకు సంచికలోనే లైసెన్సు ప్రకటిస్తే భవిష్యత్తులో ఈ చిక్కు ఉండదు.

గోప్యత

వార్తాలేఖలు సభ్యుల మధ్య తిరగడానికి ఉద్దేశించినవి. వాటిలో సభ్యుల ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు, చందా బకాయిల జాబితాలు కూడా ఉంటాయి. అంతర్జాలంలో ఉంచే ప్రతిలో వీటిని మరుగుపరచి, మూలప్రతిలో మాత్రం యథాతథంగా ఉంచాలి.

పక్షులకు కూడా ఇటువంటి రక్షణ అవసరం. దాదాపు 86 సంవత్సరాల పాటు కనిపించకుండా పోయిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో తిరిగి కనిపించింది. ఇటువంటి అరుదైన జాతుల గూళ్ళు ఉన్నచోటును కచ్చితంగా ప్రకటిస్తే వేటగాళ్ళకు, గుడ్లు సేకరించేవారికి దారి చూపినట్లవుతుంది. ఈబర్డ్ వంటి పక్షుల సమాచార సైట్లు కూడా కొన్ని సున్నితమైన జాతుల ఉనికిని అందరికీ కనిపించకుండా ఉంచుతాయి. పాత సంచికలలోని అటువంటి వివరాలను మండలం పేరు వరకే చూపించడం ఒక మార్గం.

దీర్ఘకాలిక భద్రత

అంతర్జాలంలో ఉంచడం, భద్రపరచడం ఒకటి కాదు. అభిరుచి సంఘాలెన్నో తమ పేజీలను ఉచితంగా నడుపుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది. లక్షలాది పుస్తకాలను స్కాన్ చేసిన భారత డిజిటల్ లైబ్రరీ సైటు 2017 ప్రాంతంలో అందుబాటులో లేకుండా పోయింది. అందులోని తెలుగు పుస్తకాలు నేటికీ చదవడానికి దొరుకుతున్నాయంటే, అంతకుముందే వాటి ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడమే కారణం. సొంత వెబ్‌సైటు కూడా ఏటా రుసుము చెల్లించేవారు ఉన్నంతకాలమే ఉంటుంది.

కాబట్టి కనీసం మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల మాధ్యమాలపై ఉండాలని, వాటిలో ఒకటైనా వేరే ఊరిలో ఉండాలని చెబుతారు. వరదలు, తుపానులు వచ్చే కోనసీమ వంటి చోట మూడవ నియమం మరింత ముఖ్యం. ఒకే ఇంటిలో ఉన్న మూడు హార్డు డిస్కులు ఒకే వరదలో పోతాయి. స్కాన్ చేశాక కాగితపు ప్రతులను పారవేయరాదు. వాటిని రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం వంటి పాత గ్రంథాలయాలకు గానీ, కళాశాల గ్రంథాలయాలకు గానీ, వారు అంగీకరిస్తే, అప్పగించడం మేలు.

వినియోగం

డిజిటలీకరణ పూర్తయిన ప్రచురణలు పలు విధాలుగా ఉపయోగపడతాయి. పాత జాబితాలను తేదీ, స్థలం వివరాలతో ఈబర్డ్‌లో నమోదు చేస్తే నేటి గణనలతో పోల్చడానికి వీలవుతుంది. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణనకు ముందునాటి పరిస్థితిని తెలుసుకోవడానికి పాత వార్తాలేఖలే ఆధారం. చిత్తడి నేలల పరిరక్షణకై ప్రభుత్వానికి గానీ న్యాయస్థానానికి గానీ విన్నవించేవారికి అచ్చులో ఉన్న పాత నమోదు జ్ఞాపకంకన్నా బలమైన సాక్ష్యం. పాఠశాల విద్యార్థులు తమ ఊరి చెరువుకు తాతల కాలంలో ఏ పక్షులు వచ్చేవో చదివి, నేడు ఏవి వస్తున్నాయో లెక్కించవచ్చు.

ఈ వినియోగానికి కూడా ఒక పరిమితి ఉంది. వార్తాలేఖలలోని నమోదులను నిపుణులు పరిశీలించి ఉండకపోవచ్చు. ఒకే పోలికలున్న ఉల్లంకి పిట్టలను గుర్తించడంలో అనుభవజ్ఞులు సైతం పొరబడతారు. ఒక పక్షి ప్రస్తావన లేనంతమాత్రాన అది అక్కడ లేదని చెప్పలేము. ఆ నెలలో అటువైపు ఎవరూ వెళ్ళి ఉండకపోవచ్చు. ఈ జాగ్రత్తతో చదివినప్పుడు ఈ చిన్న పత్రికలు విశ్వసనీయమైన స్థానిక చరిత్రగా నిలుస్తాయి.

ఇవి కూడా చూడండి

కోనసీమ
కోరంగి వన్యప్రాణి అభయారణ్యం
కలివికోడి
సలీం అలీ
వికీసోర్స్